గరిక పోయినంక

మా ఇంటి ముందర గడ్డి రెండు రకాలు. ఒకటి డబ్బు పెట్టి కొన్నది, ఇంకొకటి ఊరికే వచ్చింది. కొన్నది పొట్టిగా, ఒత్తుగా, కొత్త పళ్ళ బ్రష్షులాగా నిలబడి ఉంటుంది. ఊరికే వచ్చింది నేలబారుగా పాకుతూ, కణుపు కణుపుకూ వేరు దించుకుంటూ, కొన్నదాని మధ్యలో నుంచి తల ఎత్తుతుంది. మొదటిదాన్ని నర్సరీవాళ్ళు మెక్సికన్ గడ్డి అన్నారు. రెండోదానికి ఎవరూ పేరు చెప్పాల్సిన పని లేదు, గరిక. ఈ రెండింటి తగువు తీర్చే పని నా మీద పడింది. అది తీరేదాకా నేను ఇల్లు కదలడానికి లేదు.

కర్నూలు ఊరి చివర, ఒకప్పుడు జొన్నచేలు ఉన్నచోట వేసిన కాలనీలో మా ఇల్లు. మా ఆయన రోడ్డు పనుల కాంట్రాక్టరు. పని ఒక్కటే ఉంటే బాగానే ఉండేది, దానికి తోడు రాజకీయం కూడా పట్టుకుంది. పొద్దున లేచేసరికి గేటు దగ్గర నలుగురు నిలబడి ఉంటారు. వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడటానికి లాన్ కావాలన్నాడు. ఎవరో పెద్దమనిషి ఇంట్లో చూసొచ్చాడట, పచ్చటి గడ్డి మీద తెల్ల కుర్చీలు వేసి, కాఫీలు తాగుతూ పంచాయితీలు తీరుస్తున్నారట. కర్నూలు ఎండలో, బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడే నేలలో లాన్ ఏమిటని నేను అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు ఇంతవరకు రాలేదు.

గోదావరి వైపు నర్సరీ నుంచి లారీలో గడ్డి వచ్చింది, చాపల్లాగా చుట్టి, తడి గోనెపట్టాలు కప్పి. దాంతో పాటు వచ్చిన నర్సరీ మనిషి నేల చూసి, ముందర ఎర్రమట్టి తోలించాలి, అందులో ఇసుక కలపాలి, అప్పుడు పరుస్తానన్నాడు. ఎర్రమట్టి అమ్మేవాళ్ళ ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. అక్కడే మా మామ అడ్డం పడ్డాడు.

మా మామది కోడుమూరు దగ్గర పల్లె. జీవితమంతా నల్లరేగడి చేన్లో గడిపిన మనిషి. అత్త పోయిన తర్వాత చేను గుత్తకు ఇచ్చి మా దగ్గరికి వచ్చాడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, అన్నీ చూస్తాడు, అవసరమైతే తప్ప మాట్లాడడు. ఆరోజు మాత్రం లేచి వచ్చాడు.

"మన్ను కొంటారా? అంత చేను పెట్టుకొని మన్ను కొనేదేందిరా? ఊర్లో తెలిస్తే మొగాన ఉమ్ముతారు. కసువు కొంటిరి, సరే. మన్ను గుడక కొంటిరా?"

కసువంటే మా వైపు గడ్డే. కసువును లారీలో తెప్పించుకున్న కొడుకును ఆయన అప్పటికే క్షమించేసినట్టున్నాడు. మన్ను కొనడం మాత్రం ఆయన వల్ల కాలేదు. మా ఆయనకూ ఆ మాట తగిలింది. నాకూ తగిలింది, ఎందుకు దాచాలి. నేనూ మైదుకూరు దగ్గర రైతు ఇంటి బిడ్డనే. సొంత పొలం ఉండి మట్టికి డబ్బులిచ్చారంటే మా అమ్మ కూడా నవ్వుతుంది. నర్సరీ మనిషి నల్లమట్టి పనికిరాదని ఏదో చెప్పబోయాడు. ముగ్గురం ఒకే చూపు చూశాం. ఆ మనిషి నోరు మూసుకున్నాడు.

మా చేను నుంచి ట్రాక్టర్లలో మన్ను వచ్చింది. మా మామ గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ట్రక్కునూ చుట్టం వచ్చినట్టు లోపలికి పిలుచుకున్నాడు. గడ్డను కాలితో నలిపి, "సూడమ్మా, ఎట్లుండాదో" అని నాకు చూపించాడు. ఆ వారం ఆయన అన్నం కూడా ఎక్కువ తిన్నాడు. నల్లమట్టి మీద పచ్చ చాపలు పరిచారు, నీళ్ళు పట్టారు, కుర్చీలు వేశారు. ఫోటోలు తీసుకుని మా ఆయన అందరికీ పంపించాడు.

మొదటి వాన తర్వాత గరికను ముందర చూసింది మా మామే. "ఇట్రామ్మా" అని పిలిచి, వంగి, చూపుడు వేలితో చూపించాడు. చాపల అతుకుల మధ్యలో నుంచి సూదుల్లాగా లేత మొనలు. నేను గరికే కదా అన్నాను. ఆయన ఒక మొన పెరికి చూసుకున్నాడు. "మన చేన్లో గరిక లేదే. నేను తవ్విచ్చినా" అన్నాడు. అప్పటికి నాకు ఆ మాట బరువు తెలియలేదు.

ఆ తర్వాత రోజుల్లో కొంచెం కొంచెంగా చెప్పాడు. నల్లరేగట్లో గరిక పడితే చేను పోయినట్టే లెక్క. మామూలు మడకకు, అంటే నాగలికి, అది లొంగదు. వాళ్ళ వయసులో, ఎండలు ముదిరి నేల నెర్రెలిచ్చినప్పుడు, మనుషులు వరసగా నిలబడి గడ్డపారలతో నేలను పెళ్ళలు పెళ్ళలుగా తిరగేసేవాళ్ళట. మనిషి నడుముదాకా దిగే గుంత తవ్వినా కింద వేరు ఉండేదట. తిరగేసిన పెళ్ళలు ఎండకు ఎండాలి, వేర్లు ఏరి కుప్పలేసి కాల్చాలి. గరిక ఉన్న చేనుగల ఇంటికి పిల్లనివ్వడానికి కూడా ఆలోచించేవాళ్ళట, ఆ పిల్ల బతుకంతా గరిక ఏరడానికే సరిపోతుందని. అట్లా తవ్వించి శుభ్రం చేసిన చేను అది. ఆ చేను మట్టిలోనే గరిక వచ్చిందంటే, గుత్తకు తీసుకున్నవాడు దాన్ని ఏ గతి పట్టించాడో ఆయనకు అర్థమైపోయింది. చూసొద్దాం పద అని కొడుకును అడిగాడు. మా ఆయన, ఈ వారం కాదు నాయనా, వచ్చే వారం అన్నాడు. ఆ వచ్చే వారం రాలేదు.

చేతికి అందింది ఇంటి ముందర గరికే. పొద్దున్నే కలుపు తవ్వే చిన్న తొలిక ఒకటి తీసుకుని గడ్డి మీద కూర్చునేవాడు. మెక్సికన్ గడ్డిని పక్కకు తోసి, గరిక తీగ పట్టుకుని, దాని వెంబడే వేళ్ళతో వెతుక్కుంటూ పోయి, తవ్వి తీసేవాడు. వినాయకచవితికి వీధిలో ఆడవాళ్ళు పూజకు గరిక కోసుకుంటామని వచ్చారు. ఇంతకుముందు దానికోసం కాలువగట్లకు పోయేవాళ్ళు, ఇప్పుడు మా గేటు లోపలే ఉంది. మా మామ వాళ్ళకు ఎదురుపోయి, "తీస్కపోండమ్మా, వేర్లతో గుడక తీస్కపోండి. స్వామికి శానా ఇష్టం" అన్నాడు. వాళ్ళు కొసలు మాత్రం తుంచుకుని పోయారు. ఆ చవితికి స్వామి మీద ఆయనకు కోపమొచ్చిందని నా అనుమానం.

అంతవరకు ఆ గడ్డి తగువు వాళ్ళ తండ్రీకొడుకులది. నాది ఎట్లా అయిందో చెప్తాను.

నేను లెక్కల లెక్చరర్‌ని. జూనియర్ కాలేజీలో పనిచేశాను, బాగా చెప్తానని పేరుండేది. అత్త మంచాన పడినప్పుడు మానేశాను. ఆమెకు ఎవరైనా తోడుండాలి, ఆ ఎవరైనా నేనే అయ్యాను. ఆమె పోయిన తర్వాత మామ వచ్చాడు, ఇల్లు కట్టడం మొదలైంది, మా అమ్మాయి పరీక్షలు వచ్చాయి. ఆ అమ్మాయి ఇంజనీరింగు చదవడానికి హైదరాబాదు పోయిన తర్వాత, ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో నిలబడి, ఇప్పుడు నేనెందుకు ఇంట్లో ఉన్నానా అని ఆలోచించాను. కారణం ఒక్కటీ దొరకలేదు. అప్పుడే, చలి తగ్గేరోజుల్లో, నాతో పనిచేసిన ఒకామె ఫోన్ చేసింది. డోన్‌లో జూనియర్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయిందట. లెక్కలకు మనిషి కావాలి, జూన్‌లో కాలేజీ తెరిచేసరికి రావాలి, పొద్దున బండెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు అంది. ఫోన్ పెట్టేసిన తర్వాత నేను మేడ మీదికి పోయి, ఎవరూ లేని చోట నిలబడి, కొంచెంసేపు నవ్వుకున్నాను.

మా ఆయనకు చెప్పాను. ఆయన వద్దనలేదు. వద్దంటే నేను పోట్లాడేదాన్ని, ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

"పోదువులే. ఎవరొద్దన్యారు? ఇప్పుడు చూడు, గడ్డి ఎట్ల ఉండాదో. పాత దుప్పటికి మాసికలేసినట్లు, ఈడ ఒక రంగు, ఆడ ఒక రంగు. ఎండలు పోయినంక పార్టీ పెద్దాయన మన ఇంటికి వస్తానన్నాడు. అప్పుడు ఇట్లుంటే ఏం బాగుంటాది? నాయన ఒక్కడే ఎంతని పెరుకుతాడు? పనోళ్ళకు వదిలితే నీళ్ళు పట్టక ఎండబెడతారు. నువ్వొక చెయ్యి వెయ్యి. గరిక పోయినంక పో."

గరిక పోయినంక పో. ఆ మాట నాకు నచ్చిందంటే నమ్ముతారా. లెక్కల మనిషిని, షరతు అంటే నాకు ధైర్యం. ఇది నిరూపించు, అది నీదవుతుంది అంటే చాలు, రాత్రింబగళ్ళు కూర్చుంటాను. జూన్‌కు నాలుగు నెలలుంది. గడ్డి చూస్తే మా పెళ్ళికి వేసిన పందిరంత లేదు. ఇంత మాత్రానికేనా అనుకున్నాను. మర్నాడే మామ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

అట్లా మొదలైంది. పొద్దున ఎండ గోడ దిగేలోపల ఇద్దరం గడ్డి మీద ఉండేవాళ్ళం. మామ గేటు వైపు నుంచి, నేను వరండా వైపు నుంచి. గరిక తీగ పట్టుకుంటే తెగుతుంది, తెగితే వేరు లోపల ఉండిపోతుంది, ఉండిపోయిన ప్రతి కణుపూ ఒక కొత్త మొక్క. కాబట్టి తెగకూడదు. తెగకుండా తీయాలంటే చుట్టూ తవ్వాలి, చుట్టూ తవ్వితే కొన్న గడ్డి లేచొస్తుంది. లేచిన చోట బోడి మచ్చ పడుతుంది. ఆ మచ్చ మీద మెక్సికన్ గడ్డి తిరిగి పాకాలంటే నెలలు పడుతుంది, గరికకు వారం చాలు. అంటే నేను తవ్విన ప్రతి గుంతా గరికకు నేను చదును చేసి ఇచ్చిన చోటే.

నీళ్ళ సంగతీ అంతే. కొన్న గడ్డికి పూటపూటా నీళ్ళు పట్టాలి, ఆ నీళ్ళు గరిక కూడా తాగుతుంది. గరికను మాడ్చుదామని నీళ్ళు ఆపితే కొన్నది ముందర పసుపుపచ్చగా తిరుగుతుంది, గరిక ఊరికే కళ్ళు మూసుకుని పడుకుంటుంది. పొట్టిగా కత్తిరిస్తే గరిక ఇంకా వెడల్పుగా పరుచుకుంటుంది, ఎత్తుగా వదిలితే దాని కింద దాక్కుంటుంది. యూట్యూబ్‌లో చూసి దినపత్రికలు కప్పాను, నల్ల ప్లాస్టిక్ పట్టా కప్పాను. పట్టా కింద కొన్న గడ్డి చచ్చింది, గరిక పట్టా అంచుదాకా పాకి బయటికి వచ్చింది. గడ్డిమందు కొడదామని అంగడికి పోయి అడిగాను. అంగడతను, "రెండూ గడ్డే కదమ్మా, ఏది కొన్నదో మందుకెట్ల తెలుస్తాది?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ వేసవి మైదుకూరు పోలేదు. ఏటా మామిడికాయల కాలానికి మా అమ్మ దగ్గరికి పోతాను. ఎందుకు రాలేదని అమ్మ ఫోన్ చేసింది. గడ్డి పెరుకుతున్నానని చెప్పాను.

"బర్రెగొడ్లు గుడక లేకపాయె, గడ్డికి యాల చిక్కినావే?" అంది.

జూన్‌లో ఉద్యోగానికి పోవాలి కదమ్మా, అందుకే అన్నాను. ఉద్యోగానికీ గడ్డికీ ఏం సంబంధమో ఆమెకు అర్థం కాలేదు. విడమర్చి చెప్పబోతే నాకే అర్థం కాకుండా పోయింది. ఎండ తగిలి తలనొప్పిగా ఉందని చెప్పి పెట్టేశాను.

ఏప్రిల్ చివరకు వచ్చేసరికి నాకు కళ్ళు మూసినా గరికే. బియ్యం ఏరుతుంటే గరిక ఏరుతున్నట్టే ఉండేది. పొద్దున గేటు దాటి బయటికి పోయే ప్రతి మనిషినీ, పాలమనిషిని కూడా, ఈర్ష్యగా చూసేదాన్ని. మా ఇంటి గేటుకు గొళ్ళెం మాత్రమే ఉంది, తాళం లేదు, ఒక చేత్తో తోస్తే తెరుచుకుంటుంది. అయినా పొద్దున నీళ్ళు పట్టాలి, సాయంత్రం నీళ్ళు పట్టాలి, ఆ మధ్యలో ఎవరో వస్తారు, కాఫీలు ఇవ్వాలి. కట్టేసినవాళ్ళు ఎవరూ లేరు. అందుకని విప్పమని అడగడానికి కూడా ఎవరూ లేరు. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. గోరుచుట్టు లేచిన వేలును చల్లనీళ్ళలో పెట్టుకుని, స్నానాల గదిలో కొళాయి తిప్పి, నిజంగానే ఏడ్చాను.

మా ఆయన మంచి మనిషి. నన్ను ఒక్కనాడూ గట్టిగా కసురుకోలేదు. సాయంత్రం వచ్చి, గడ్డి చుట్టూ ఒకసారి తిరిగి, "పర్వాలేదే, తగ్గింది" అనేవాడు. కొన్నిసార్లు వంగి, "ఇదో, ఈడ ఒకటి ఉండాది సూడు" అని చూపించి లోపలికి పోయేవాడు. చూపించిన దాన్ని నేను తీసేదాన్ని.

మే నెల చివర్లో నిజంగానే గడ్డి ఒకే రంగుకు వచ్చింది. మచ్చలున్నాయి గానీ గరిక మొన ఒక్కటి కూడా కనబడలేదు. మామ, నేను రెండు వైపుల నుంచి వచ్చి మధ్యలో కలుసుకున్నాం. ఆయన తొలికకు అంటిన మన్ను గోడకు కొట్టి రాల్చి, లోపలికి పోయాడు. సంతోషపడతాడనుకున్నాను, వెనక్కి తిరిగి గడ్డి వైపు కూడా చూడలేదు. నేను మాత్రం చీరల బీరువా తెరిచి, కాలేజీకి కట్టుకునే నూలుచీరలు తీసి, గంజి పెట్టి ఆరేశాను. డోన్‌కు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. దండెం మీద ఆరుతున్న ఆ చీరలు చూసుకుంటూ ఉంటే నాకు మళ్ళీ నా పేరు గుర్తొచ్చినట్టనిపించింది.

తర్వాత వాన పడింది. తొలకరి కూడా కాదు, ఎండాకాలం చివర వచ్చే ఉరుముల వాన. వచ్చింది, దంచింది, పోయింది. రెండురోజులకు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాను. గడ్డి మీద అంతటా లేత మొనలు. అతుకుల్లో, మచ్చల్లో, గోడ మూలలో, నేను మోచెయ్యిదాకా తవ్విన చోట కూడా. అక్కడ ఇంకా ఎక్కువ.

అప్పుడే ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్. వచ్చే సోమవారం నుంచి క్లాసులు, టైంటేబుల్ వేస్తున్నాం, నీ పేరు రాసుకుంటున్నా, ఖాయమే కదా అంది. సాయంత్రంలోగా చెప్తానన్నాను. మొన్న వస్తానన్నావు కదా అంది. ఫోన్ పక్కన పెట్టి, పీట కూడా వేసుకోకుండా తడి గడ్డి మీద కూర్చున్నాను. తొలిక తీసుకుని దగ్గరున్న మొన చుట్టూ తవ్వడం మొదలుపెట్టాను.

మా మామ వరండా మెట్లు దిగి వచ్చాడు. ఆయన చేతిలో తొలిక లేదు. నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పెట్టేయమ్మా. గరిక పోదు" అన్నాడు.

నేను తలెత్తలేదు. "మన చేన్లో పోయింది కదా మామా. తవ్విస్తిమి అంటిరి కదా."

"యాడ పోయింది? పోయిందనుకొంటిమి. తవ్విన ఏడు కనపల్లేదు. తర్వాత ఏటేటా నేనూ మీ అత్తా పెరుకుతానే ఉంటిమి. సేద్యం చేసే మనిషి ఉన్నన్నాళ్ళు అది లోపల ఉంటాది. మనిషి లేయంగానే పైకి వస్తాది. ఇన్నాళ్ళూ మా చేన్లో గరిక లేదని ఊరంతా చెప్పుకొంటి. మీ అత్త ఉంటే నవ్వుండేది." గడ్డిని అరచేత్తో ఒకసారి అణిచాడు. "నిన్న ఆటో మాట్లాడుకొని పోయొచ్చినా. చేనంతా ఇదే. ఇంగ నాతో కాదు."

ముందురోజు మధ్యాహ్నం గుడికి పోయొస్తానని ఆయన పోయిన సంగతి గుర్తొచ్చింది. ఆయన మీద జాలేసింది గానీ, ఆ క్షణాన నా బాధే నాకు పెద్దది. ఇది పోదని తెలిసీ నాలుగు నెలలు నాతో ఎందుకు పెరికించారు, ముందే చెప్పొచ్చు కదా అన్నాను. గొంతు లేచింది.

"నాకు ఈడ ఇంకో పని యాడుండాది తల్లీ" అన్నాడు ఆయన.

నేను కొంచెం తగ్గి అన్నాను, మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి మామా, గరిక పోయినంక పొమ్మన్నాడు, అది ఎప్పటికీ పోదని ఆయనకు తెలియదు పాపం.

మామ నా ముఖం చూడలేదు. గేటు వైపు చూస్తూ అన్నాడు.

"వానికి తెలీకేమమ్మా. గరిక తవ్వేకాడికి సంకటి మోసకచ్చిండేది వాడే. సెలవులంతా మాతోపాటు వేర్లు ఏరినాడు. చేతులు బొబ్బలెక్కి, ఇంగ జన్మలో సేద్యం చేయనని ఆ చేన్లోనే ఏడ్చినాడు."

తొలిక కింద పెట్టాను. నాకు కోపం కూడా రాలేదు అప్పుడు. నాలుగు నెలలు షరతు అనుకున్నది షరతు కాదు. జరగనిదాన్ని ముందర పెట్టి, అది జరిగిన తర్వాత పొమ్మనడం. లెక్కల్లో ఇది నాకు కొత్తేమీ కాదు, మొదటిది ఎప్పటికీ నిజం కాకపోతే రెండోది చేతికి రాదని బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. నా ఇంటి ముందర పడితే గుర్తుపట్టలేకపోయాను.

సాయంత్రం మా ఆయన నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీలు వేశారు, కాఫీలు తాగారు, పొద్దు వాలేసరికి లేచిపోయారు. నేను ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ చూసుకుంటున్నాడు. మామ వరండాలో ఉన్నాడు.

"గరిక పోదని మీకు తెలుసా?" అని అడిగాను.

"గరిక యాడ పోతాది?" అన్నాడు, ఫోన్ మీద నుంచి చూపు తిప్పకుండానే, చిన్నగా నవ్వుతూ. అన్న తర్వాత తలెత్తాడు. నా ముఖంలో ఏం చూశాడో, ఫోన్ పక్కన పెట్టాడు.

"మరి నన్నెందుకు పెరకమన్నారు?"

ఆయన అబద్ధం చెప్పలేదు. చెప్పుంటే నాకు ఎంతో సుఖంగా ఉండేది. గడ్డం గోక్కుంటూ, నిజంగా నా మేలు కోరే మనిషిలాగా, మెల్లగా చెప్పాడు. "పాప హైదరాబాదు పోయినకాణ్ణించి నువ్వు ఒగమాదిరి ఉంటివి. ఏదో ఒక పని పెట్టుకొని ఉంటావు గదా అని. ఉద్యోగం ఉద్యోగమని నాలుగు దినాలు అనుకుంటావు, తర్వాత నువ్వే మర్సిపోతావనుకొంటి."

ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. నన్ను మరిపించడానికి ఆయనకు గరిక దొరికింది. తాను చిన్నప్పుడు ఏడ్చి పారిపోయిన పనినే తెచ్చి, నాకు తోచుబడికి ఇచ్చాడు. ఆయన మనసులో అది ప్రేమే అని నాకు ఇప్పటికీ అనుమానం లేదు. అందుకే దాని నుంచి తప్పించుకోవడం అంత కష్టమైంది.

"సోమవారం నుంచి నేను డోన్ పోతున్నాను" అన్నాను.

ఆయన మొట్టమొదట అన్న మాట, "మరి గడ్డో?"

వరండాలో నుంచి మా మామ గొంతు వినబడింది. "గరికకు నీళ్ళు అక్కరల్యాదురా. మనిషి గుడక అక్కరల్యా. కోడల్ని పోనీ."

నేను లోపలికి పోయి డోన్‌కు ఫోన్ చేశాను.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆ వానాకాలంలోనే గరిక లాన్ మొత్తం కమ్మేసింది. మా మామ దాన్ని పెరకలేదు. గడ్డి ఒకే రంగుకు వచ్చింది, మా ఆయన కోరుకున్నట్టే. పెద్దాయన వచ్చి, ఆ గడ్డి మీదే కూర్చుని కాఫీ తాగి, "ఎండల్లో గుడక ఎంత పచ్చగ పెట్టినావప్పా, ఏం రకమిది?" అని అడిగాడట. మా ఆయన మెక్సికన్ అని చెప్పాడట. మా మామ ఈ సంగతి నాకు చెప్తూ, అత్త పోయిన తర్వాత మొదటిసారి కళ్ళలో నీళ్ళొచ్చేలాగా నవ్వాడు. ఆదివారాల్లో నేనూ ఆయనా బస్సులో కోడుమూరు పోయి చేను చూసొస్తాం. ఊరికే గట్టు మీద కూర్చుని వస్తాం.

నేను గెలిచినట్టే అందరూ అంటారు. నేనూ ఔనంటాను. సాయంత్రం డోన్ స్టేషన్లో బండి కోసం నిలబడినప్పుడు మాత్రం ఆ మాట మీద అంత నమ్మకం ఉండదు. ఇంటికి పోయేసరికి ఇంకేదైనా పని నాకోసం మంచి మనసుతో సిద్ధం చేసి పెట్టారేమోనని ఒక భయం, ఇప్పటికీ. మొన్న బండి ఆలస్యమైంది. బెంచీ మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. కాసేపటికి చూసుకుంటే పేపర్లు ఒళ్ళో ఉన్నాయి, నేను ఒక పక్కకు వంగి ఉన్నాను. నా కుడిచెయ్యి బెంచీ కింద రాళ్ళ సందులో గరిక తీగను పట్టుకుని, తెగకుండా, మెల్లగా, వేరు కోసం వెతుకుతోంది.